ఊళ్లు ఎన్ని కట్టాలి? సివిలైజేషన్ ఏడు భాగాల తగువు

మొన్న ఆదివారం మా మేనల్లుడు విజయవాడ సింగ్ నగర్ నుంచి ఫోన్ చేశాడు. బీటెక్ రెండో సంవత్సరం. "మావయ్యా, స్టీమ్‌లో సేల్ పెట్టారు. సివిలైజేషన్ ఐదు, ఆరు రెండూ చవగ్గా వస్తున్నాయి, ఏడు మాత్రం రేటు బాగా ఉంది. ఏది కొనమంటావ్?" అన్నాడు. స్టీమ్ అంటే కంప్యూటర్ ఆటలు అమ్మే ఆన్‌లైన్ దుకాణం, సివిలైజేషన్ అందులో దొరికే ఓ ఆట. ఒక్క మాటలో తేలిపోయే ప్రశ్నే అనుకున్నాను. గుంటూరులో నేను మొదలుపెట్టిన సమాధానం అక్కడ వాడి కంచంలో అన్నం చల్లారేదాకా సాగింది. మధ్యలో మా అక్క ఫోన్ లాక్కుని, "నలభై దాటుతున్నాయి నీకు, ఇంకా ఆ బొమ్మలాటేనా" అని ఓ మాట వేసింది కూడా.

వాడికి ముక్కలు ముక్కలుగా చెప్పినదాన్ని ఇక్కడ కాస్త కూర్చి రాస్తున్నాను.

స్ట్రాటజీ గేమ్ అంటే మన వైపు ఎక్కువమందికి గుర్తొచ్చేది ఏజ్ ఆఫ్ ఎంపైర్స్. బ్రాడీపేట నెట్ సెంటర్లలో కౌంటర్ స్ట్రైక్ ఆడే కుర్రాళ్ల కేకల మధ్య, ఒక మూల కూర్చుని గొర్రెలు తోలుకునే బ్యాచ్ ఒకటి ఉండేది. అది పరుగుల ఆట. చెయ్యి ఎంత వేగంగా కదిలితే అంత లాభం. సివిలైజేషన్ అలా కాదు, చదరంగంలాంటిది. మన టర్న్ అయ్యేదాకా ప్రపంచం ఆగి ఉంటుంది. అయినా రెండింటికీ చుట్టరికం ఉంది. 1991లో మైక్రోప్రోజ్ కంపెనీలో సిడ్ మైయర్ మొదటి సివిలైజేషన్ తయారుచేస్తున్నప్పుడు పక్కనుండి చేసిన బ్రూస్ షెల్లీయే, తరవాత ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ రూపకర్తల్లోనూ ఒకరు.

నాకు పరిచయమైంది మూడో భాగం. డిగ్రీ రోజుల్లో, 256 ఎంబీ ర్యామ్ ఉన్న కంప్యూటర్ మీద. అప్పట్లో వేసవి వచ్చిందంటే కరెంటు ఎప్పుడు పోతుందో తెలిసేది కాదు. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ ఆడేవాడు కోటతో సహా అంతా పోగొట్టుకుని తల పట్టుకునేవాడు. సివిలైజేషన్ టర్న్ టర్న్‌కీ దానంతటదే సేవ్ అయ్యేది కాబట్టి నాకు పోయేది మహా అయితే ఒక్క టర్న్. నేను ఈ ఆటకు అతుక్కుపోవడానికి పెద్ద కారణం ఇదే. మిగతా గొప్ప కారణాలన్నీ తరవాత వెతుక్కున్నవి.

క్రీ.పూ. 4000లో ఒక సెట్లర్ల గుంపును చేతికిస్తారు. ఊరు కట్టాలి, చుట్టూ గళ్లలో పంట, కలప, ఖనిజం పండించుకోవాలి, చదువులు నేర్చుకోవాలి, పక్కవాడితో పొత్తో యుద్ధమో పెట్టుకోవాలి, చివరికి రాకెట్ ఎగరెయ్యాలి. ఏడు భాగాల్లోనూ కథ ఇంతే. మరి ముప్పై ఏళ్లకు పైగా ఏం మార్చారు? ఏది గొప్పదో జనం ఎందుకు తేల్చుకోలేకపోతున్నారు?

ఫోన్ మోడల్ మారినట్టు ఈ ఆట మారదు. నిరుటి దానికి కెమెరా ఒకటి పెంచి కొత్త నంబరు తగిలించే పద్ధతి ఇక్కడ లేదు. ఈ ఆటలు తీసే ఫిరాక్సిస్ కంపెనీలో ఒక మూడో వంతు సూత్రం ఉంది: కొత్త భాగంలో మూడో వంతు పాతది అలాగే ఉండాలి, మూడో వంతు పాతదాన్ని సరిచేసింది కావాలి, మూడో వంతు పూర్తిగా కొత్తది కావాలి. పైగా దాదాపు ప్రతి భాగానికీ ప్రధాన రూపకర్త మారతాడు. రెండో భాగానికి బ్రయాన్ రేనాల్డ్స్, నాలుగోదానికి సోరెన్ జాన్సన్, ఐదోదానికి జాన్ షేఫర్, ఆరోదానికి ఎడ్ బీచ్. పెట్టెమీద పేరు మాత్రం ఎప్పుడూ సిడ్ మైయర్‌దే. అందుకని ఏడు భాగాలను ఒకే మెట్ల వరసగా చూస్తే ఏమీ అర్థం కాదు. ఒకే పాత జబ్బుకు ఏడుగురు డాక్టర్లు రాసిన మందుచీటీలుగా చూస్తే చిక్కు విడుతుంది. ఒకరి మందు తెచ్చిన కొత్త బాధకు తరవాతివాళ్లు మందు రాయాల్సి వచ్చింది.

ఆ జబ్బు పేరు ఊళ్లు.

మొదటి రెండు భాగాల లెక్క చూడండి. జనాభా ఒకటి ఉన్న ఊరు రెండు గళ్లు దున్నుతుంది: ఊరున్న గడి ఉచితం, ఒక మనిషికి ఇంకో గడి. జనాభా ఐదుకు పెరిగిన ఊరు దున్నేది ఆరు గళ్లు. అదే ఐదుగురినీ ఐదు చిన్న ఊళ్లుగా విడదీస్తే? పది గళ్లు. పైగా ఊరు పెద్దదయ్యేకొద్దీ తరవాతి మనిషి పుట్టడానికి ఎక్కువ తిండి కావాలి. అంటే ఒక గొప్ప నగరం కట్టేవాడికంటే, మంగళగిరి రోడ్డు పక్కన వెంచర్లు వేసినట్టు సందు దొరికినచోటల్లా ఊరు దింపేవాడే గెలుస్తాడు. ఆట పేరేమో నాగరికత. గెలిచే పద్ధతి మాత్రం ప్లాట్ల వ్యాపారం. రూపకర్తలకు ఇది ముల్లులా గుచ్చుకుంది.

రెండో భాగం, 1996లోది, వేరే బాధలు తీర్చింది. మొదటి భాగంలో ఈటెలు పట్టుకున్న పాతకాలపు సైనికులు ఒక్కోసారి యుద్ధనౌకను ముంచేసేవాళ్లు. రెండోదాంట్లో యూనిట్లకు, అంటే సైనిక దళాలకు, ప్రాణబలం, దెబ్బబలం అని లెక్కలు పెట్టి ఆ నవ్వులాట తగ్గించారు. ఊళ్ల జబ్బు జోలికి పెద్దగా పోలేదు.

మూడో భాగం 2001లో వచ్చింది. మందు: అవినీతి. రాజధానికి దూరమయ్యేకొద్దీ, ఊళ్ల సంఖ్య పెరిగేకొద్దీ ఆదాయం మధ్యలోనే మాయమవుతుంది. దూరపు ఊరు ఎంత పెద్దదైనా దాని ఉత్పత్తి ఒక్క యూనిట్‌కు పడిపోయేది. వినడానికి మన అనుభవానికి దగ్గరగానే ఉంది, ఆటలో మాత్రం పని చెయ్యలేదు. ఆ దిక్కుమాలిన ఊరు పెట్టుకోవడానికి ఖర్చేమీ లేదుగా! ఎంతోకొంత ఉత్పత్తి అయినా వస్తుంది, సరిహద్దు పెరుగుతుంది, దాని కింద ఇనుమో బొగ్గో ఉంటే అదీ మనదే. కాబట్టి నేను తిట్టుకుంటూనే కట్టేవాణ్ణి. మందు చేదుగా ఉంది, జబ్బు తగ్గలేదు.

దీనికి అసలైన మందు కనిపెట్టింది సోరెన్ జాన్సన్ అని నా నమ్మకం. 2005లో వచ్చిన నాలుగో భాగంలో ఆయన చేసింది చాలా చిన్న మార్పు: ఊరికి జీతభత్యాలు పెట్టాడు. కొత్త ఊరు కట్టగానే ఖజానా నుంచి డబ్బు పోతుంది. ఊళ్లు పెరిగితే ప్రతి ఊరి ఖర్చూ పెరుగుతుంది. రాజధానికి దూరమైతే ఇంకా ఎక్కువ. ఆబగా ఆరు ఊళ్లు దింపితే చదువుల మీద పెట్టే డబ్బు కోసుకుపోయి, పక్కవాడు తుపాకులు పట్టే వేళకు మనం విల్లంబులతో నిలబడతాం. మరీ దివాలా తీస్తే సైన్యం సమ్మె చేస్తుంది. అలాగని కట్టకుండా కూర్చోవడమూ కుదరదు, ఎందుకంటే అదే ఊరు ఓ యాభై టర్న్‌లకు ఎదిగి అప్పు తీర్చి లాభం మొదలుపెడుతుంది. మిరప తోటకు పెట్టుబడి పెట్టే రైతుకు ఈ లెక్క నేను చెప్పనక్కర్లేదు. కట్టాలా వద్దా అనే ప్రశ్న పోయి ఎప్పుడు కట్టాలి అనే ప్రశ్న వచ్చింది. ఆటగాణ్ణి అవినీతిలా శిక్షించలేదు, ఆలోచనలో పడేసింది. ఇరవై ఏళ్ల తరవాత కూడా నాలుగో భాగాన్ని వదలని ముసలి బ్యాచ్ ఒకటి ఉండటానికి సగం కారణం ఈ లెక్కే. మిగతా సగం ఆట మొదటి తెర మీద మోగే స్వాహిలి పాట కావచ్చు. 2011లో దానికి గ్రామీ కూడా వచ్చింది.

మరి అంత మంచి మందును ఐదో భాగం ఎందుకు పారేసింది? దానికి సైన్యం కథలోకి వెళ్లాలి.

నాలుగో భాగంలో ఒకే గడిలో ఎన్ని యూనిట్లయినా పెట్టొచ్చు. యుద్ధమంటే ముప్పై నలభై యూనిట్ల కుప్పను పక్కవాడి కోట ముందుకు తోలడమే. 2010లో వచ్చిన ఐదో భాగంలో జాన్ షేఫర్ ఆ కుప్పను రద్దు చేశాడు. నలుచదరపు గళ్లు పోయి ఆరు మూలల గళ్లు వచ్చాయి, గడికి ఒక్క యూనిట్ మాత్రమే. పాంజర్ జనరల్ అనే పాత యుద్ధపు ఆట మీది ఇష్టంతో తెచ్చిన మార్పు ఇది. ఒక్కసారిగా కొండ, వాగు, కనుమ అన్నిటికీ అర్థం వచ్చింది. విలుకాళ్లు వెనక నిలబడి రెండు గళ్ల దూరం కొడుతుంటే ముందు ఈటెలవాళ్లు కాస్తారు. చూడటానికి ఎంత బాగుందో!

కానీ గడికి ఒక్కడే అంటే నేల ఇరుకైపోతుంది. ఫ్లైఓవర్ కట్టకముందు సాయంత్రం ఆరింటికి బెంజ్ సర్కిల్ గుర్తుందా? ఐదో భాగంలో కంప్యూటర్ సైన్యం అచ్చం అలాగే. అందరికీ అర్జంటే, ఎవరూ కదలరు. కంప్యూటర్ నాలుగో భాగంలో కుప్పను తోలుకుని వచ్చి మన కొంప ముంచగలిగేది. ఐదులో ఫిరంగిని ముందుపెట్టి తెల్లబోయేది. ఇంకో సంగతి షేఫర్ తరవాత తనే రాశాడు: మ్యాపు నిండిపోకుండా యూనిట్ల సంఖ్య తగ్గించాలి, అందుకు ఉత్పత్తి వేగం తగ్గించాల్సి వచ్చింది, దాంతో భవనాలు కూడా నెమ్మదించాయి. సైన్యానికి రాసిన మందు ఊరి కడుపు మీద పనిచేసింది.

అదే భాగంలో ఊళ్ల మీద కూడా పగ్గం బిగించాడు. రాజ్యమంతటికీ ఒకే సంతోషం ఖాతా. ప్రతి కొత్త ఊరికీ మూడు, ప్రతి జనాభాకూ ఒకటి చొప్పున అసంతృప్తి. 2013లో వచ్చిన బ్రేవ్ న్యూ వరల్డ్ ఎక్స్‌పాన్షన్ (అసలు ఆటకు తరవాత తగిలించే అదనపు ప్యాక్) దాని మీద ఇంకో మెలిక వేసింది: మామూలు సైజు మ్యాపులో ఒక్కో ఊరికి చదువుల ఖరీదు ఐదు శాతం పెరుగుతుంది. ఫలితం, నాలుగు ఊళ్లు కట్టుకుని తలుపేసుకు కూర్చోవడమే తెలివైన పని అయిపోయింది. వెంచర్ల జబ్బు నూటికి నూరు శాతం నయమైంది, ఆకలి కూడా చచ్చిపోయింది. ఖాళీ నేల కళ్లెదుటే ఉంటుంది, పోయి ఊరు కట్టబుద్ధి కాదు. కొత్తగా నేర్చుకునేవాడికి మాత్రం ఇది వరం. నాలుగు ఊళ్లే కదా, తల బొప్పి కట్టదు.

మన దేశానికి ఆ భాగంలో ఇచ్చిన గుణం ఈ లెక్క మీదే: ఊళ్ల వల్ల వచ్చే అసంతృప్తి రెట్టింపు, జనాభా వల్ల వచ్చేది సగం. అంటే తక్కువ ఊళ్లు, కిక్కిరిసిన జనం. గవర్నర్‌పేటలో పండగ ముందు రోజు నడిచినవాళ్లెవరూ దీన్ని కాదనరు.

ఈ ఆటలో దేశాలకు చరిత్రలోని నాయకులను పెడతారు, మనకు గాంధీని పెట్టారు. ఇక్కడ ఆయన గురించి ఒక మాట. మొదటి భాగంలో గాంధీ దూకుడు విలువ 1గా ఉండేదనీ, ప్రజాస్వామ్యం రాగానే అందులోంచి రెండు తీసేస్తే సున్నా కిందికి పోలేక 255కు ఎగబాకిందనీ, అందుకే అణుబాంబులు వేసేవాడనీ ఓ కథ ప్రచారంలో ఉంది. కంప్యూటర్ సైన్స్ క్లాసుల్లో కూడా చెబుతుంటారు. అది కట్టుకథ. 2020లో వచ్చిన తన ఆత్మకథలో సిడ్ మైయర్ అలాంటి తప్పేమీ లేదని తేల్చేశాడు. ఐదో భాగంలో మాత్రం తమాషాకు గాంధీ అణ్వస్త్రాల మోజును కావాలనే పది దాటించి పన్నెండుకు పెట్టారు. ఆ 255 కట్టుకథ పాకింది ఆ తరవాతే.

ఆరో భాగం 2016లో వచ్చింది. ఎడ్ బీచ్ ఊరిని విప్పి నేల మీద పరిచాడు. అంతకుముందు గ్రంథాలయం, సంత, గుడి అన్నీ ఊరి గడిలోపలే కుక్కేవాళ్లం. ఇప్పుడు చదువుల వాడ ఒక గడిలో, గుళ్ల వాడ ఒక గడిలో, రేవు ఇంకో గడిలో కట్టాలి. చదువుల వాడ పక్కన కొండలుంటే లాభం. ఊరు పెట్టేముందే వందేళ్ల తరవాత ఎక్కడ ఏం రావాలో గీసుకోవాలి. రాజధానికి ప్లాను గీసి, ఆపి, మళ్లీ మొదలుపెట్టడం చూసిన మన ప్రాంతంవాళ్లకు ఇందులో ఉన్న టెన్షన్ వేరే చెప్పాలా!

వాడల సంఖ్య జనాభాను బట్టి ఉంటుంది, కానీ చదువుల వాడ ఊరికి ఒక్కటే. పది చదువుల వాడలు కావాలంటే పది ఊళ్లుండాలి. సంతోషం ఖాతా కూడా ఊరికి ఊరు విడిపోయింది. అంటే? వెంచర్లు తిరిగొచ్చాయి! ఐదుతో విసిగినవాళ్లు పండగ చేసుకున్నారు, ఐదును ప్రేమించినవాళ్లు ముఖం చిట్లించారు. ఆ ఇద్దరూ నిజానికి ఒకే ప్రశ్నకు రెండు సమాధానాలు ఇష్టపడుతున్నారు, అంతే. తరవాత 2018 ఎక్స్‌పాన్షన్‌లో విధేయత అనే లెక్క తెచ్చి, పక్కవాడి వాకిట్లో ఊరు దింపితే అది వాడివైపే జారిపోయేలా చేశారు.

2019 ఎక్స్‌పాన్షన్, గాదరింగ్ స్టార్మ్, మా మేనల్లుడి మనసు లాగింది. అందులో నదులకు వరదలొస్తాయి. నది పక్క మైదానంలో ఊరు కడితే పంట బాగుంటుంది, వరద వస్తే కట్టినవి దెబ్బతింటాయి, జనమూ పోవచ్చు, పోతూపోతూ ఒండ్రు వదిలి నేల సారం పెంచుతుంది. ఆనకట్ట కడితే నష్టం ఆగుతుంది. 1855 నాటికే ఆనకట్ట చూసిన బెజవాడకు ఈ నియమం కొత్తదేం కాదు. 2024 సెప్టెంబరులో బుడమేరు గండి పడినప్పుడు మా అక్కవాళ్ల ఇంట్లో నీళ్లు నడుము దాకా వచ్చాయి. అదే వారం ప్రకాశం బ్యారేజీ మీదుగా 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు పోయింది. "ఆటలో వరదొస్తే పంట పెరిగిద్ది మావయ్యా, మా ఇంట్లో ఫ్రిజ్ పోయింది" అన్నాడు వాడు. నా దగ్గర జవాబు లేదు.

ఇక 2025 ఫిబ్రవరిలో వచ్చిన ఏడో భాగం. ఊళ్ల ప్రశ్నకు ఇది తెలివైన సమాధానమే ఇచ్చింది. పల్లెలు, నగరాలు అని రెండు రకాలు చేసింది. పల్లె పెద్దగా తల నొప్పించదు. దాని ఉత్పత్తి డబ్బుగా మారుతుంది, దాని తిండిని నగరానికి పంపించుకోవచ్చు. డబ్బు పోసి కావాల్సినదాన్ని నగరం చేసుకోవచ్చు. మొత్తం సంఖ్యకు ఒక పరిమితి, దాటితే అసంతృప్తి. సైన్యానికీ మధ్యేమార్గం వెతికారు: సేనాధిపతి యూనిట్లను మూటగట్టుకుని నడుస్తాడు, యుద్ధం దగ్గర విప్పి పరుస్తాడు. నడిచేటప్పుడు నాలుగో భాగం, కొట్టుకునేటప్పుడు ఐదో భాగం. ఈ రెండూ నాకు బాగా నచ్చాయి.

జనం కొట్టుకుంటున్నది వీటి గురించి కాదు, యుగాల గురించి. ముందు భాగాలన్నిటిలో ఇంకో పాత బాధ ఉంది. ముందున్నవాడు ఇంకా ముందుకే పోతాడు. సగం ఆట అయ్యేసరికి గెలుపెవరిదో తెలిసిపోతుంది. పవర్‌ప్లేలోనే మ్యాచ్ తేలిపోయినా ఇరవై ఓవర్లూ ఆడాల్సి వచ్చినట్టు, మిగతా రెండొందల టర్న్‌లు బటన్ నొక్కుతూ కూర్చోవాలి. నేను మొదలుపెట్టిన ఆటల్లో సగం కూడా పూర్తిచెయ్యలేదు. దీనికి ఏడో భాగం కత్తి పట్టింది. ఆటను ప్రాచీన, అన్వేషణ, ఆధునిక అని మూడు యుగాలుగా కోసేసింది. విడుదలైనప్పటి నియమం ప్రకారం, యుగం ముగియగానే నాయకుడు ఉంటాడు, జాతి మారిపోతుంది. అశోకుణ్ణి పట్టుకుంటే మౌర్యులతో మొదలుపెట్టి చోళుల మీదుగా మొగలుల దాకా పోవచ్చు. విడుదలనాటికి గాంధీ లేడు, మన శాతవాహనులకూ చోటు దక్కలేదు. అప్పట్లో యుగం మారితే రాజధాని తప్ప నగరాలన్నీ మామూలుగా మళ్లీ పల్లెలయ్యేవి. సేనాధిపతులకు పట్టినంత సైన్యమే మిగిలేది, మిగతాది చాలావరకు పోయినట్టే.

చరిత్ర పొరలు పొరలుగా పేరుకుంటుందన్నది దీని వెనక ఉన్న ఆలోచన. గుంటూరు వాడిగా నాకు ఇందులో తప్పు కనిపించదు. ధాన్యకటకం దగ్గర స్తూపం కట్టినవాళ్లు వేరు, కొండవీటి మీద కోట కట్టిన రెడ్డిరాజులు వేరు. 1515లో దాన్ని కృష్ణదేవరాయలు పట్టుకున్నాడు, తరవాత గోల్కొండ వచ్చింది, 1788లో గుంటూరు సర్కారు ఇంగ్లీషు కంపెనీ చేతికి పోయింది. నేల ఒకటే, జెండాలే మారాయి. ఆరు వేల ఏళ్లు ఒకే జాతి ఒకే పేరుతో ఉండటమే నిజానికి వింత.

కానీ మన నేల మీద ఆ మార్పులు ఎవరో ఓడిపోతేనో, ఎవరో వలస వస్తేనో వచ్చాయి. ఇక్కడ గంట కొట్టగానే ప్రపంచంలో అందరికీ ఒకేసారి యుగం మారుతుంది. గుంటూరులో హైదరాబాదుకు టికెట్ తీసుకుని కిటికీ పక్కన సర్దుకున్నాక, విజయవాడ బస్టాండులో కండక్టర్ వచ్చి "అందరూ దిగండి, ఇక్కణ్ణుంచి వేరే బస్సు, చేతిలో పట్టినంత సామానే" అన్నట్టుంటుంది. బస్సు కొత్తది కావచ్చు, సీట్లు మెత్తగా ఉండొచ్చు. నా కిటికీ నాకు కావాలిగా. ముందున్నవాణ్ణి ఆపడానికి వేసిన మందు, ఇన్ని గంటలుగా నేను పెంచుకున్న రాజ్యం నాది అనే మమకారాన్ని తెంపేసింది. దానికి తోడు విడుదలైనప్పుడు తెర మీద సమాచారం సరిగ్గా కనిపించకపోవడం మంటకు నెయ్యి అయింది. అప్పట్లో స్టీమ్‌లో సమీక్షలు సగం అటు, సగం ఇటుగా వచ్చాయి.

అయితే ఏడును తిట్టేవాళ్లు ఒక మోసం చేస్తున్నారు, తెలియకుండానే. రెండు ఎక్స్‌పాన్షన్లు, ఏళ్ల తరబడి మరమ్మతులు తిన్న ఐదు, ఆరులను తెచ్చి పచ్చిగా ఉన్న ఏడు పక్కన నిలబెడుతున్నారు. 2010లో ఐదు వచ్చినప్పుడు అందులో మతం లేదు, గూఢచర్యం లేదు. నాలుగో భాగంవాళ్లు ఇప్పటికంటే ఘోరంగా తిట్టారు. మతం 2012లో వచ్చింది, వాణిజ్య మార్గాలు 2013లో. ఇవాళ జనం ప్రేమగా తలుచుకునే ఐదో భాగం ఆ 2013 నాటిది. పోలిస్తే విడుదలతో విడుదలను పోల్చాలి, లేదా ముగింపుతో ముగింపును. ఏడుకు ముగింపు ఇంకా రాలేదు.

ఇదంతా విని వాడు, "సరే మావయ్యా, ఇంతకీ ఏది?" అన్నాడు. నాకు నచ్చినదాన్ని చెబితే నాలుగు. వాడికది మా నాన్న స్కూటర్‌లా కనిపిస్తుంది. మొదటిసారి ఆడేవాడికి ఐదు. కొండ, నది చూసి ఊరు గీసుకోవడం ఇష్టమైతే ఆరు, ఎక్స్‌పాన్షన్లతో సహా. ఏడు మీద నాకు గౌరవమే, డబ్బులు పెట్టడానికి మాత్రం ఇంకొన్నాళ్లు ఆగమన్నాను.

ఆరు కొన్నాడు. బుధవారం రాత్రి ఒక స్క్రీన్‌షాట్ పంపాడు. పెద్ద నది మలుపులో, సరిగ్గా వరద మైదానం మధ్యలో రాజధాని. పేరు మార్చి సింగ్ నగర్ అని పెట్టుకున్నాడు. "కొండ మీద బోలెడు చోటుందిగా, అక్కడెందుకురా" అని అడిగితే, ఆనకట్ట కట్టడానికి బట్రెస్ టెక్నాలజీ రావాలట, ఇంకో ఇరవై టర్న్‌లు, అప్పటిదాకా వాన పడకపోతే చాలు అన్నాడు.